టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్: స్కూలు డబ్బు దగ్గర మన రెప్ ఎటున్నాడో తేల్చే సైటు

ఎన్నికలు దగ్గరపడితే మా నార్త్ డాలస్ సబర్బుల్లో మెయిల్‌బాక్సు తెరవాలంటేనే విసుగు. ఏ పార్టీ కరపత్రం తీసినా అదే పసుపు బస్సు, అవే బ్యాగులు తగిలించుకున్న పిల్లలు, "పబ్లిక్ స్కూళ్ళకు అండగా నిలిచాను" అనే అదే మాట. అందరూ అండగానే నిలబడితే ప్లేనో ఐఎస్‌డీ (ప్లేనో ఊరి స్కూల్ డిస్ట్రిక్టు) 2024లో నాలుగు స్కూళ్ళు మూసేయాలని ఎందుకు తీర్మానించింది? పిల్లల సంఖ్య తగ్గడం ఒక కారణం, కాదనను. డబ్బు కూడా కారణమే. ఆ డబ్బు సంగతి తేలేది స్కూల్ బోర్డు మీటింగులో కాదు, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో, రెండేళ్ళకోసారి కూర్చునే లెజిస్లేచర్ (చట్టసభ) 140 రోజుల సెషన్‌లో.

ఆ 140 రోజుల్లో ఎవరేం చేశారో మొత్తం రాసిపెట్టే ప్రభుత్వ సైటు ఒకటుంది. పేరు టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్, వాడేవాళ్ళు టీఎల్‌ఓ అంటారు. ఉచితం, ప్రకటనలు లేవు, చూడ్డానికి అకౌంటు కూడా అక్కర్లేదు. నేను పొద్దస్తమానం వేరేవాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి బతికే క్యూఏ టెస్టర్ని. ఇద్దరు పిల్లలు పబ్లిక్ స్కూల్లో ఉన్నారు. హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను కాబట్టి ఓటు లేదు, ట్యాక్సు మాత్రం ఉంది. ఈ సైటుని ఒక ప్రొడక్టులాగే చూసి రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను: సరుకు మేలిమిది, పెట్టిన తీరు మాత్రం పాత గోడౌన్. ఏ వస్తువు ఏ అటకమీద ఉందో తెలిసినవాడికి అన్నీ దొరుకుతాయి, తెలియనివాడు గుమ్మంలోనే తిరుగుతుంటాడు.

అటకల సంగతికి వచ్చేముందు అసలు ఏం వెతకాలో కొంచెం చెప్పాలి, లేకపోతే సైటు ఎంత బాగున్నా లాభం లేదు.

టెక్సస్‌లో స్కూలు డబ్బు లెక్క అంతా బేసిక్ అలాట్‌మెంట్ అనే ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. ఒక్కో విద్యార్థికి ఇంత అని ఫార్ములాలో మొదట పెట్టే మొత్తం అది. 2019లో దాన్ని 6,160 డాలర్లు చేశారు. ఆ తర్వాత కోవిడ్ వచ్చింది, ధరలు పెరిగాయి, బస్సు డ్రైవర్ల జీతాలు పెరిగాయి, ఇన్సూరెన్సు పెరిగింది. ఆ అంకె మాత్రం 2025 దాకా కదల్లేదు. పైగా లెక్క స్కూల్లో చేరిన పిల్లల మీద కాదు, సగటున రోజూ హాజరైన పిల్లల మీద. మనవాళ్ళు డిసెంబర్‌లో టికెట్లు చవకని రెండువారాలు ముందే ఇండియా విమానం ఎక్కించే పిల్లలు కూడా ఈ లెక్కలో గైర్హాజరే. టీచరుకి జీతం ఆగదు, ఏసీ ఆగదు, డబ్బు మాత్రం ఆ మేరకు తగ్గుతుంది. తాతమ్మల్ని చూడ్డానికి వెళ్ళొద్దని నేను చెప్పడం లేదు. లెక్క అలా ఉందని చెబుతున్నా.

ఇక ప్రాపర్టీ ట్యాక్సు. జనవరి 31 లోపు కట్టే బిల్లులో అన్నిటికన్నా పెద్ద గీత స్కూల్ డిస్ట్రిక్టుదే. ఆస్తి విలువలు ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి కొంత తీసుకుని మిగతా రాష్ట్రానికి సర్దే పద్ధతిని రీక్యాప్చర్ అంటారు. 1993 నుంచి ఉంది, జనం పెట్టిన పేరు రాబిన్ హుడ్. అది కట్టే డిస్ట్రిక్టుల్లో ప్లేనో పాతకాపు. అంటే మనం కట్టేదంతా మన పిల్లల స్కూలుకే పోతుందనుకోవడం సగం నిజం. కాబట్టి ఎవరైనా "స్కూళ్ళకు రికార్డు స్థాయిలో నిధులిచ్చాం" అంటే అడగాల్సినవి రెండు: బేసిక్ అలాట్‌మెంట్ ఎంత పెంచారు, మిగతా డబ్బు ఏ షరతుతో ఇచ్చారు. ఈ రెండిటికీ జవాబు టీఎల్‌ఓలో ఉంది.

మొదటి పేజీలోనే "హూ రెప్రజెంట్స్ మీ" అని ఒక లింకు ఉంటుంది. ఇంటి అడ్రసు కొడితే స్టేట్ హౌస్‌లో మన రెప్ (ప్రతినిధి), స్టేట్ సెనేటర్, యూఎస్ కాంగ్రెస్ సభ్యుడు, స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ సభ్యుడు అందరూ వస్తారు. సైటు మొత్తంలో ఏ వివరణా అక్కర్లేకుండా పనిచేసే భాగం ఇదే. మా వాట్సాప్ గ్రూపులో సగం మందికి కాంగ్రెస్‌మన్ పేరు తెలుసు, స్టేట్ రెప్ పేరు తెలీదు. స్కూలు డబ్బు మీద ఓటేసేది ఈ రెండోవాడు. హౌస్‌లో 150 మంది, సెనేట్‌లో 31 మంది, జీతం నెలకు 600 డాలర్లు. అవును, నెలకే.

తర్వాత బిల్లు వెతకడం. ఇక్కడే కొత్తవాళ్ళు తప్పిపోతారు, దానికి సైటు డిజైనే కారణం. బిల్లు నంబర్లు ప్రతి సెషన్‌లో మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. హెచ్‌బీ 3 (హెచ్‌బీ అంటే హౌస్ బిల్లు) అని కొడితే, పైన ఎంచుకున్న సెషన్ 86(ఆర్), అంటే 86వ లెజిస్లేచర్ రెగ్యులర్ సెషన్, అయితే 2019 నాటి పెద్ద స్కూల్ ఫైనాన్స్ బిల్లు వస్తుంది. 89(ఆర్) అయితే 2025లో హౌస్‌లో పెట్టిన వోచర్ బిల్లు వస్తుంది. ఒకటి పబ్లిక్ స్కూళ్ళకు డబ్బు పెంచింది, రెండోది ప్రైవేటు స్కూలు ఫీజుకు ప్రభుత్వ డబ్బు ఇచ్చేది. నంబరు మాత్రం ఒకటే. గవర్నర్ పిలిచే స్పెషల్ సెషన్లు వేరే, 88(4) అంటే 88వ లెజిస్లేచర్ నాలుగో స్పెషల్ సెషన్. ఇవేవీ సైటు విడమరిచి చెప్పదు, ఒక డ్రాప్‌డౌన్ పెట్టి వదిలేసింది. మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి స్క్రీను నా ముందు పెడితే ఆ రోజే తిప్పి పంపేస్తాను.

ఒక చిన్న కిటుకు: తక్కువ నంబర్లు పెద్దల ప్రాధాన్యాలకు అట్టిపెడతారు. హౌస్‌లో స్పీకర్‌వి, సెనేట్‌లో లెఫ్టినెంట్ గవర్నర్‌వి. 2025లో ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 1 బడ్జెట్, ఎస్‌బీ 2 వోచర్. లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ మనసులో దేని తర్వాత ఏముందో నంబరే చెప్పింది.

ఇప్పుడు అసలు మెచ్చుకోవలసిన భాగం. బిల్లు పేజీలో టెక్స్ట్ అనే ట్యాబు. బిల్లు పుట్టినప్పుడు ఎలా ఉంది, కమిటీ నుంచి ఎలా బయటికొచ్చింది, హౌస్ ఎలా పంపింది, సెనేట్ కమిటీ ఏం మార్చింది, చివరికి గవర్నర్ బల్లమీదకి ఏం పోయింది, అన్నీ వరసగా ఉంటాయి. కొత్తగా చేర్చిన మాటల కింద గీత, తీసేసిన మాటల మీద గీత. ఆ పద్ధతి తెలిస్తే లాయరు అక్కర్లేదు.

2025 నాటి హెచ్‌బీ 2 తీసుకోండి. పెట్టింది హౌస్ పబ్లిక్ ఎడ్యుకేషన్ కమిటీ చైర్మన్ బ్రాడ్ బక్లీ. ఎడ్యుకేషన్ కోడ్ 48.051 సెక్షన్ దగ్గరికి వెళ్ళండి, బేసిక్ అలాట్‌మెంట్ అక్కడే ఉంటుంది. మొదటి ప్రతిలో 220 డాలర్లు పెంచారు. కమిటీ నుంచి వచ్చేసరికి అది 395 అయింది, అంటే 6,555. హౌస్ దాన్ని దాటించి సెనేట్‌కి పంపింది. చివరి ప్రతిలో చూస్తే? 55 డాలర్లు. 6,215. అయినా బిల్లు మొత్తం విలువ తగ్గలేదు, దాదాపు 8.5 బిలియన్ డాలర్లు. మరి మిగతాదంతా ఎక్కడికి పోయింది? అందులో సుమారు 4.2 బిలియన్లు టీచర్ల, సిబ్బంది జీతాలకని గుర్తుపెట్టి ఇచ్చారు. పిల్లలు 5,000 దాటిన డిస్ట్రిక్టుల్లో మూడు నాలుగేళ్ళు పనిచేసిన టీచరుకి 2,500, ఐదేళ్ళు, ఆపైన అయితే 5,000. చిన్న డిస్ట్రిక్టుల్లో 4,000, 8,000.

ఇదే హౌస్‌కీ సెనేట్‌కీ మధ్య అసలు తగాదా. ఏ కరపత్రంలోనూ ఉండదు. హౌస్‌లో చాలామంది అన్నది, డబ్బు బేసిక్ అలాట్‌మెంట్‌లో వేయండి, దేనికి ఖర్చుపెట్టాలో స్థానిక బోర్డు చూసుకుంటుంది అని. సెనేట్‌లో ఎడ్యుకేషన్ కమిటీ నడిపిన బ్రాండన్ క్రైటన్, ఆయన వెనక పాట్రిక్ అన్నది, బోర్డుల చేతిలో పెడితే టీచరు దాకా చేరుతుందన్న నమ్మకం లేదు, మేమే టీచరు పేరు రాసి ఇస్తాం అని. రెండిట్లోనూ న్యాయం ఉంది. ఎనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్న మా చిన్నవాడి టీచరుకి ఐదువేలు రావడం నాకు సంతోషమే. కానీ కరెంటు బిల్లు, బస్సు, కౌన్సెలర్, లైబ్రేరియన్ ఇవన్నీ ఆ 55 డాలర్లలోంచి, ఇంకొన్ని చిన్న పద్దుల్లోంచి రావాలి. నేను హౌస్ పక్షమే. టీచరు జీతం ఎంత పెంచాలో మా స్కూల్ బోర్డుకి ఆస్టిన్ కన్నా బాగా తెలుసు. తెలియకపోతే మేలో జరిగే బోర్డు ఎన్నికల్లో దించేయొచ్చు.

ఈ కథంతా సైటులో పీడీఎఫ్‌ల మధ్య ఉంది. కానీ రెండు ప్రతుల్ని పక్కపక్కన పెట్టి తేడా చూపించే బటను లేదు. రెండు ట్యాబులు తెరిచి కళ్ళతో పోల్చుకోవాలి. మామూలు ఫైళ్ళ తేడా చూపించే టూల్సు ప్రతి ప్రోగ్రామరు లాప్‌టాప్‌లోనూ ఉన్న ఈ కాలంలో ఇది పెద్ద లోటు.

ఓట్ల సంగతికొస్తే, మన రెప్ పేరు మీద నొక్కితే ఆయన పెట్టిన బిల్లులు వస్తాయి, కలిసి సంతకం పెట్టినవి వస్తాయి, కమిటీలు వస్తాయి. వేసిన ఓట్లు రావు. ఈ సైటు నేను చూస్తున్నది ఆ ఒక్క సంగతి కోసమే, అదొక్కటే ఒకచోట పోగేసి లేదు. ఓటు కావాలంటే బిల్లు హిస్టరీ ట్యాబుకి వెళ్ళి, రికార్డ్ వోట్ అన్న వరస పట్టుకుని, దాని పక్కనున్న జర్నల్ పేజీ నంబరు నొక్కి, ఆ రోజు హౌస్ జర్నల్‌లో (సభ రోజువారీ రికార్డులో) "యేస్" (అవును) కింద, "నేస్" (కాదు) కింద వరసగా గుచ్చిన ఇంటిపేర్లలో మనవాణ్ణి వెతుక్కోవాలి. కంట్రోల్ ఎఫ్ మన దేవుడు. బిల్లుల తుది ఓట్లు పేర్లతో సహా నమోదు చేసి ఇంటర్నెట్లో పెట్టాలని 2007లో రాజ్యాంగ సవరణకి జనం ఓటేశారు కాబట్టి ఆ మాత్రమైనా ఉంది.

వెతికితే ఏం దొరుకుతుందో చెబుతాను. హెచ్‌బీ 2 మీద 2025 ఏప్రిల్‌లో హౌస్ వేసిన ఓటు చూస్తే, కాదన్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. దాన్ని బట్టి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. కరపత్రాల మీద "స్కూళ్ళకు బిలియన్ల డాలర్లకు ఓటేశాను" అని వేసుకునేది ఈ ఓటునే. అబద్ధం కాదు, పనికొచ్చే నిజమూ కాదు. పక్షం బయటపడేది దగ్గరి ఓట్లలో, సవరణల్లో. అదే రాత్రి, తెల్లవారుజాము దాకా సాగిన చర్చ తర్వాత, వోచర్ బిల్లు ఎస్‌బీ 2 హౌస్‌లో 85-63తో మొదటి ఆమోదం పొందింది. ఓటేసిన డెమోక్రాట్లంతా కాదన్నారు. రిపబ్లికన్లలో కాదన్నది ఇద్దరే: మాజీ స్పీకర్ డేడ్ ఫీలన్, గ్యారీ వాన్‌డీవర్. దానికి ముందు, వోచర్ల సంగతి నవంబర్‌లో జనం ఓటుకే పెడదాం అని డెమోక్రాట్ జేమ్స్ టాలరికో ఒక సవరణ తెచ్చారు. ఓడిపోయింది. నన్నడిగితే ఒక రెప్ గురించి తెలుసుకోవడానికి తుది ఓటు కన్నా ఈ సవరణ ఓటు ఎక్కువ పనికొస్తుంది. "మా నియోజకవర్గం వోచర్లే కోరుకుంటోంది" అని చెప్పినవాడు నియోజకవర్గాన్ని అడగడానికి ఎందుకు ఒప్పుకోలేదో ఆ పేజీ చూపించి అడగొచ్చు.

సెనేట్‌లో అదే బిల్లు ఫిబ్రవరిలోనే 19-12తో దాటింది, అక్కడ కాదన్న రిపబ్లికన్ రాబర్ట్ నికల్స్ ఒక్కరే. పల్లెటూళ్ళున్న తూర్పు టెక్సస్ ఆయనది. ప్రైవేటు స్కూలే లేని కౌంటీల్లో వోచరు తీసుకుని ఎక్కడికి వెళ్తారన్నది పల్లె రిపబ్లికన్ల పాత వాదన.

ఆ వాదన ఏమైందో తెలియాలంటే సెషన్ 88(4)కి మార్చి హెచ్‌బీ 1 కొట్టండి. 2023 నవంబర్ 17. బిల్లులోంచి వోచర్ల భాగం తీసేయాలని జాన్ రేనీ అనే రిపబ్లికన్ పెట్టిన సవరణ 84-63తో నెగ్గింది, 21 మంది రిపబ్లికన్లు అటు ఓటేశారు. వోచర్లు కోరినవాళ్ళు అవి లేకపోతే మొత్తం బిల్లే వద్దన్నారు, దానితో పాటు స్కూళ్ళకు రావలసిన బిలియన్లూ ఆగిపోయాయి. తర్వాత 2024 ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో) గవర్నర్ యాబట్ స్వయంగా ఆ రిపబ్లికన్లలో కొందరికి పోటీగా నిలిచినవారికి ప్రచారం చేశాడు. పలువురు ఓడిపోయారు. ఆ 84-63 పేజీని, 85-63 పేజీని పక్కపక్కన పెట్టి పేర్లు చదివితే, ఏ పేరు మాయమైంది, ఏ పేరు అటునుంచి ఇటు వచ్చింది, రెండేళ్ళ రాజకీయం మొత్తం కనబడుతుంది. ఏ న్యూస్ ఛానలూ ఇంత సూటిగా చెప్పలేదు. 2025 మే 3న ఎస్‌బీ 2 చట్టమైంది.

జర్నల్ దాకా వెళ్ళినవాళ్ళు చివరి పేరాలు వదలకండి. "స్టేట్‌మెంట్ ఆఫ్ వోట్" అని ఉంటుంది. "నా ఓటు అవును అని పడింది, నేను వేయాలనుకున్నది కాదు అని" ఫలానా సభ్యుడు రాసిపెట్టుకున్న వాక్యాలు. ఫలితం మారదు, కాగితం మీద మాత్రం ఉంటుంది. బల్లమీద బటను నొక్కే ఓటింగు కదా, నిజంగానే పొరపాట్లు జరుగుతాయి. కొన్నిసార్లు మాత్రం మర్నాడు నియోజకవర్గం నుంచి వచ్చిన ఫోన్ల తర్వాత పుట్టిన పొరపాట్లేమో అనిపిస్తుంది. నాకు టీఎల్‌ఓలో అన్నిటికన్నా వినోదం ఇక్కడే.

ఫిస్కల్ నోట్. బిల్లుకి ఎంత ఖర్చవుతుందో లెజిస్లేటివ్ బడ్జెట్ బోర్డు రాసే రెండు మూడు పేజీల కాగితం, టెక్స్ట్ ట్యాబులోనే బిల్లు పక్కన ఉంటుంది. ఎస్‌బీ 2కి తొలి రెండేళ్ళకు ఒక బిలియన్ పరిమితి అని అందరూ చెప్పారు. అదే నోట్‌లో కిందికి చూస్తే 2030కి ఖర్చు ఐదు బిలియన్ల దగ్గరికి పోవచ్చన్న అంచనా ఉంది. ఒక బిలియన్ అన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు, కింది వరస ప్రస్తావించలేదంతే.

చట్టం అయ్యాక మా వాట్సాప్ గ్రూపులో మొదలైంది గోల. "మనకి వర్తించదంట, సిటిజన్లకేనంట." "కాదు, అందరికీ పదివేలంట." ఒకరు ఫార్వర్డు చేసిన యూట్యూబ్ వీడియోకి ఇంకొకరి యూట్యూబ్ వీడియో జవాబు. నేను చేసిందల్లా ఎన్‌రోల్డ్ ప్రతి (రెండు సభలూ దాటిన చివరి ప్రతి) తెరిచి అర్హత సెక్షన్ స్క్రీన్‌షాటు పెట్టడమే. పౌరులతో పాటు చట్టబద్ధంగా దేశంలోకి వచ్చిన పిల్లలు కూడా అర్హులే. హెచ్4 పిల్లలకి దారి మూసుకుపోలేదు. కానీ ఆశపడేముందు పక్క పేజీ కూడా చదవాలి. దరఖాస్తులు ఉన్న డబ్బు కన్నా ఎక్కువ వస్తే ముందు వైకల్యం ఉండి, ఇంటి ఆదాయం కింద చెప్పే హద్దు దాటని పిల్లలు, తర్వాత ఆదాయం తక్కువున్న కుటుంబాలు. ఫెడరల్ పేదరిక రేఖకు ఐదు రెట్లు, అంటే నలుగురి ఇంటికి 2025 లెక్కన సుమారు 1,60,000 డాలర్లు దాటితే వరసలో చివర, ఆ గుంపు మొత్తానికీ కార్యక్రమం డబ్బులో 20 శాతానికి మించి పోకూడదు. ఇద్దరూ ఐటీ ఉద్యోగాలు చేసే ఇళ్ళు ఎక్కడ నిలబడతాయో చెప్పక్కర్లేదు. 2026-27 నుంచి అమలు, ప్రైవేటు స్కూల్లో చేరే విద్యార్థికి ఏడాదికి పదివేల పైచిలుకు, ఇంట్లో చదువు చెప్పుకుంటే రెండువేల దాకా. స్క్రీన్‌షాటు పెట్టాక గ్రూపు చల్లబడింది. ఒకాయన మాత్రం "అక్కా, మీ సోర్సు ఏంటి?" అన్నాడు. చట్టమే సోర్సు తమ్ముడూ.

సైటులో కనబడనిది కూడా ఒకటుంది. బిల్లు పేజీలో చివరి వరస "లెఫ్ట్ పెండింగ్ ఇన్ కమిటీ" అని ఉంటే అది అక్కడితో పోయినట్టే, ఎక్కువసార్లు. హాజరు బదులు చేరిన పిల్లల సంఖ్యను బట్టి డబ్బివ్వాలన్న బిల్లులు సెషన్ తర్వాత సెషన్ ఇలాగే ఆగిపోతున్నాయి. ఓటు జరగలేదు కాబట్టి ఎవరి పక్షమూ నమోదు కాలేదు. అసలు హియరింగే పెట్టని చైర్మన్ పేరు మాత్రం కమిటీ పేజీలో ఉంటుంది, రెండూ కలుపుకుని చదువుకోవాలి. ఇలాంటి ఆటోమేటిక్ సంబంధాలు ఈ సైటు ఏదీ కలపదు.

ఓటు లేని మనలాంటి వాళ్ళకి ఈ సర్వీసులో బాగా పనికొచ్చేది పబ్లిక్ కామెంట్ పేజీ. హౌస్ కమిటీలో ఒక బిల్లుకి హియరింగు పెట్టారంటే, టెక్సస్‌లో నివసించేవాళ్ళు ఆన్‌లైన్లో అభిప్రాయం రాయొచ్చు. పౌరసత్వం అడగరు. హెచ్1, హెచ్4, గ్రీన్ కార్డు, అందరూ రాయొచ్చు. హెచ్‌బీ 2 మీద నేను రాశాను, హాజరు లెక్క మార్చమని. రాసింది పేరుతో సహా బహిరంగంగా ఉంటుందని గుర్తుంచుకుని రాయండి, ఇమిగ్రేషన్ కేసు వివరాలు అందులో పెట్టకండి. మా పక్కింటావిడ పెట్టబోయింది. హియరింగు ముగిసేదాకానే కిటికీ తెరిచి ఉంటుంది, సెనేట్‌కి ఇలాంటిది లేదు.

స్వయంగా మాట్లాడాలంటే ఆస్టిన్ వెళ్ళాల్సిందే. క్యాపిటల్ లోపలే కియాస్కుల్లోనో, అక్కడి వైఫై మీదనో రిజిస్టర్ చేసుకోవాలి. అనుకూలం, వ్యతిరేకం, ఊరికే బిల్లు మీద, ఈ మూడిట్లో ఒకటి ఎంచుకోవాలి. మాట్లాడకుండా పక్షం మాత్రం నమోదు చేసి వచ్చేయొచ్చు కూడా. ఆ జాబితా విట్‌నెస్ లిస్టుగా మళ్ళీ బిల్లు పేజీకి ఎక్కుతుంది. వోచర్ బిల్లు మీద 2025 మార్చి 11న మొదలైన హౌస్ హియరింగు రాత్రంతా సాగి మర్నాటి పొద్దుటికి ముగిసింది. రెండు మూడు నిమిషాల మాట కోసం అంతసేపు కూర్చోవాలి, స్కూలు పిల్లలున్న తల్లులకి ఇది ఎంత కుదిరే పనో మీరే చెప్పండి. మామూలు జనానికి దూరం నుంచి వీడియోలో సాక్ష్యం చెప్పే ఏర్పాటు లేకపోవడం, అదీ పిల్లల చదువు మీద బిల్లులకి, నాకు ససేమిరా మింగుడుపడదు.

మై టీఎల్‌ఓ అని అకౌంటు తెరిస్తే బిల్లుల జాబితా పెట్టుకుని మెయిల్ అలర్ట్‌లు తెచ్చుకోవచ్చు. బాగానే పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మెయిళ్ళు కుండపోతగా వస్తాయి, వేరే ఫోల్డరుకి మళ్ళించుకోండి. ఫోనులో చూడాలంటే కళ్ళద్దాలు కావాలి.

ఇంత కష్టం ఎందుకు, రేటింగులు ఇచ్చే సంఘాలున్నాయి కదా అంటారా? ఉన్నాయి. అసోసియేషన్ ఆఫ్ టెక్సస్ ప్రొఫెషనల్ ఎడ్యుకేటర్స్ నడిపే టీచ్ ద వోట్‌లో ప్రతి సభ్యుడి విద్యా ఓట్లు, అభ్యర్థులు ఇచ్చిన జవాబులు ఒకచోట దొరుకుతాయి, టీఎల్‌ఓ చేయాల్సిన పని వాళ్ళు చేశారు. వోచర్లు కావాలనే సంఘాలకీ వాళ్ళ స్కోరుకార్డులున్నాయి. ఒకే మనిషికి ఒకచోట మంచి మార్కులు, ఇంకోచోట సున్నా. ఏ ఓట్లు లెక్కపెట్టాలో ఎంచుకునేది సంఘం. అవి చూసి మొదలుపెట్టండి, అక్కడ కనబడ్డ ఓటుని జర్నల్‌లో సరిచూసుకోండి.

రేటింగు ఐదుకి మూడున్నర. ఉన్న సమాచారానికైతే ఐదు ఇచ్చేదాన్ని. సభ్యుడి పేరు కింద ఓట్ల పట్టిక లేనందుకు ఒకటి, ప్రతుల తేడా చూపించనందుకు అర తగ్గించాను. తర్వాతి రెగ్యులర్ సెషన్ 2027 జనవరి 12న మొదలవుతుంది, బిల్లులు మాత్రం 2026 నవంబర్ ఎన్నికలు అయిన వెంటనే వేయడం మొదలుపెడతారు. అప్పటికి మై టీఎల్‌ఓలో ఒక అకౌంటు తెరిచి, సెషన్ 90(ఆర్)కి మార్చి, 48.051 సెక్షన్‌ని ముట్టుకునే బిల్లులన్నీ జాబితాలో పెట్టుకోండి. 6,215 అన్న అంకె ఎవరి చేతిలో ఎంత పెరుగుతుందో, ఎవరి చేతిలో తగ్గుతుందో అలర్ట్ మీ మెయిల్‌కే వస్తుంది.